షుగర్ జబ్బు: నోరు కట్టుకోవడం ఎంత, చుట్టూ ఉన్న పరిస్థితి ఎంత?

క్లుప్తంగా

తిండి, నడక విషయంలో మనిషి తీసుకునే నిర్ణయం మధుమేహాన్ని ఆపగలదు, కనీసం కొన్నేళ్లు వాయిదా వేయగలదు. దీనికి మన పక్క రాష్ట్రంలోనే రుజువు ఉంది. కానీ ఆ నిర్ణయానికి అయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు. రేషన్‌లో ఏం వస్తుంది, డ్యూటీ ఎన్ని గంటలు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నది అన్నవాటిని బట్టి ఆ ఖర్చు పెరుగుతుంది, తగ్గుతుంది. ఎంపికకూ పరిస్థితికీ మధ్య ఉన్న ఈ లెక్కను ప్రధానంగా తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రక్తపరీక్ష రిపోర్టులో షుగర్ కనబడగానే ఇంట్లో మొదలయ్యే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. అన్నం తగ్గించు, స్వీట్లు మానెయ్, పొద్దున్నే లేచి నడువు. ఆ మాటల వెనక పైకి అనని నింద కూడా ఒకటి ఉంటుంది, నోరు కట్టుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అని. డాక్టర్ ఎదురుగా కూర్చున్న మనిషి కూడా అదే నమ్మి తల దించుకుంటాడు.

భారత వైద్య పరిశోధన మండలి మధుమేహం మీద దేశవ్యాప్తంగా జరిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది జబ్బు అంచున ఉన్నారు, అంటే షుగర్ మామూలు కంటే ఎక్కువే కానీ ఇంకా జబ్బు అనేంత కాదు. పట్టణాల్లో పెద్దవాళ్లలో 16.4 శాతం మందికి, పల్లెల్లో 8.9 శాతం మందికి ఈ జబ్బు ఉంది. బీపీ అయితే దేశం మొత్తం మీద 35.5 శాతం. ఒకటి రెండు తరాల్లో ఇన్ని కోట్ల మందికి ఒక్కసారిగా క్రమశిక్షణ సడలిందనడం వివరణ అనిపించుకోదు. అలాగని మనిషి చేతిలో ఏమీ లేదనడమూ నిజం కాదు. ముందు ఆ రెండో మాట చూడాలి.

ఎంపికకు ఉన్న బలం

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లంతా మధుమేహం అంచున ఉన్నవాళ్లు. ఏ ప్రత్యేక సాయమూ అందని గుంపులో మూడేళ్లు తిరిగేసరికి నూటికి 55 మందికి జబ్బు వచ్చేసింది. తిండి మార్చుకుని, రోజూ నడవడం మొదలుపెట్టిన గుంపులో అది 39 దగ్గర ఆగింది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవాళ్లలోనూ దాదాపు అంతే. అంటే నడక, తిండి మార్పు కలిసి ఒక మందు చేసినంత పని చేశాయి.

ఇది చిన్న విషయం కాదు. జీన్స్ ఇంతే, రాసిపెట్టి ఉంది అని చేతులెత్తేసేవాళ్లకు ఈ ఫలితం గట్టి సమాధానం. అయితే దీన్ని ఉదహరించేటప్పుడు ఒక సంగతి తరచూ వదిలేస్తుంటారు. ఆ గుంపులోని వాళ్లకు కూర్చోబెట్టి సలహా చెప్పారు, తర్వాత ఫోన్ చేసి గుర్తుచేస్తూ వచ్చారు. వాళ్ల నిర్ణయం ఒంటరిగా నిలబడలేదు, వెనక ఒక ఏర్పాటు ఉంది. ఇంత ఉండి కూడా నూటికి 39 మందికి జబ్బు వచ్చిందన్నది ఈ పరిశోధనలో రెండో సగం.

రేషన్ సంచి చెప్పే లెక్క

తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో రెండు మూడు తరాల కిందట రోజువారీ తిండి జొన్నరొట్టె, జొన్నన్నం, సంకటి, కొర్రన్నం. వరి అన్నం చాలా ఇళ్లలో పండక్కో, చుట్టాలొస్తేనో వండేవారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టాక పేదింటి పొయ్యి మీద వరి అన్నం రోజూ ఉడకడం మొదలైంది. 2011లో ధర రూపాయికి దిగింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే ధాన్యానికి ఆ రూపాయి కూడా తీసుకోవడం లేదు. ఈ పథకం కోట్ల మంది ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి చూడటానికి వీల్లేదు.

పొలంలో కూడా అదే దిశలో మార్పు వచ్చింది. ప్రభుత్వం మద్దతు ధరకు నికరంగా కొనే పంట వరి. జొన్నకూ కొర్రకూ అలాంటి భరోసా లేదు. కాలువ నీరు, బోరు నీరు అందిన చోటల్లా రైతు వరి వైపు మళ్లాడు. ఇది కూడా ఎంపికే, కానీ ఏ పంట వేస్తే డబ్బు చేతికొస్తుందో ముందే ఖాయమైపోయిన చోట జరిగిన ఎంపిక.

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి. అంటే రోజుకు 200 గ్రాములు. అందులో దాదాపు 155 గ్రాములు పిండిపదార్థమే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2,000 క్యాలరీల తిండి తినే మనిషికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా వాటికి బదులు గుడ్డు, మాంసం, 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు కావాలి. పండ్లు, పల్లీల్లాంటి గింజలు, నూనె ఇవి కాక.

ఈ జాబితాలో మొదటి వస్తువు దాదాపు మొత్తం ఉచితంగా ఇంటికి వస్తుంది. మిగతావన్నీ బజార్లో కొనాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి ఆ కొలతల ప్రకారం నెలకు 10 కిలోల పైన పప్పు, 48 కిలోల కూరగాయలు, 36 లీటర్ల పాలు అవసరం. పప్పు కిలో 150 రూపాయలు, కూరగాయలు సగటున కిలో 40, పాలు లీటరు 60 అనుకుంటే మొత్తం 5,600 రూపాయలు దాటుతుంది. పండ్లు, నూనె ఇంకా కలపలేదు. ఉపాధి హామీ పథకంలో 2024-25 సంవత్సరానికి తెలుగు రాష్ట్రాలకు ఖరారు చేసిన రోజు కూలి 300 రూపాయలు. ఆ లెక్కన ఈ మూడు సరుకులకే ఒక మనిషి దాదాపు 19 రోజుల కూలి పోతుంది. ఇంటద్దె, బడి ఫీజు, అప్పు వాయిదా, ఫోన్ రీఛార్జ్ అన్నీ మిగిలిన రోజుల మీద పడతాయి.

అందుకే ఆ ఇంటి కంచంలో అన్నం కుప్పగా, పప్పుచారు పలచగా, పక్కన నిమ్మకాయంత పచ్చడి కనిపిస్తాయి. వండే ఆమెకు పోషకాహారం గురించి తెలియక కాదు. అన్నం తగ్గించమని డాక్టర్ చెప్తే అర్థమవుతుంది కూడా. ఆ తగ్గించిన చోటును దేనితో నింపాలన్న దగ్గర మాట ఆగిపోతుంది.

ఈ సందర్భంలో చిరుధాన్యాల మీద ఉన్న నమ్మకాన్ని కూడా కాస్త సరిచూసుకోవాలి. 2025లో వచ్చిన ఇండియాబ్ ఆహార అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లు తీసుకునే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్ల బియ్యం తీసేసి అంతే మోతాదులో చిరుధాన్యాల పిండో, ముడి గోధుమ పిండో తింటే మధుమేహం ముప్పు తగ్గినట్టు ఆ అధ్యయనంలో కనబడలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గి, ఆ చోట్లో పప్పులో పాలలో ఉండే ప్రొటీన్ చేరినప్పుడు మాత్రం తగ్గింది. ధాన్యం మారడం కంటే కంచంలో పప్పు పెరగడం ముఖ్యమన్నమాట. సరిగ్గా ఆ పప్పే ఖరీదైన సరుకు.

డబ్బున్నవాళ్ల జబ్బు కిందికి దిగిన తీరు

ఒకప్పుడు షుగర్ అంటే ఒళ్లు కదలకుండా కూర్చుని తినేవాళ్ల జబ్బు. 2017లో ఇండియాబ్ 15 రాష్ట్రాల వివరాలు బయటపెట్టినప్పుడు ఆ చిత్రం తిరగబడుతున్నట్టు కనబడింది. తలసరి ఆదాయం ఎక్కువున్న తమిళనాడు, మహారాష్ట్ర, చండీగఢ్ పట్టణాల్లో సంపన్నుల కంటే దిగువ ఆదాయ వర్గాల్లోనే మధుమేహం ఎక్కువగా ఉంది.

తిన్న గ్లూకోజ్‌ను ఎక్కువగా వాడుకునేది కండరం. నాట్లు వేసి, కోతలు కోసి, మోట కొట్టిన ఒంటికి కుప్ప అన్నం భారం కాలేదు. ట్రాక్టర్, వరికోత యంత్రం, బోరు మోటారు వచ్చాక ఆ శ్రమ తగ్గింది. ఊరు వదిలి పట్నం వచ్చినవాళ్లకు వాచ్‌మన్, డ్రైవర్, షాపులో హెల్పర్ ఉద్యోగాలు దొరికాయి. పని గంటలు పెరిగాయి, ఒంటి కదలిక తగ్గింది, అన్నం మాత్రం అంతే ఉంది. సంపన్నులు ఈలోగా పప్పు, గుడ్డు, సలాడ్, జిమ్ వైపు జరిగారు. జరగడానికి వాళ్ల దగ్గర డబ్బు, చోటు ఉన్నాయి.

ఇలాంటి మెట్ల వరస ఇతర దేశాల్లోనూ ఉంది. లండన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అట్టడుగు హోదాలోని మగవాళ్లు పై అధికారుల కంటే గుండె జబ్బుతో మూడు రెట్లకు పైగా ఎక్కువగా చనిపోయారు. సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో మూడో వంతుకు మించి వివరణ దొరకలేదు. వాళ్లంతా జీతం వచ్చే ఉద్యోగులే, ఎవరూ పస్తులున్నవాళ్లు కాదు.

డ్యూటీ, నిద్ర, వంటిల్లు

డబ్బు తర్వాత కొరత టైంకి. పన్నెండు గంటల నైట్ డ్యూటీ చేసే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని చూస్తే, తెల్లవారుజామున నిద్ర ఆపుకోవడానికి చక్కెర ఎక్కువేసిన టీ, డ్యూటీ దిగాక బండి మీద నాలుగు పూరీలు లేదా మైసూర్ బజ్జీ, పగలు రేకుల గదిలో ఎండ వేడికి సగం నిద్ర. నిద్ర తగ్గితే రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ పని చేసే తీరు మందగిస్తుందని, టెన్షన్‌లో విడుదలయ్యే కార్టిసాల్ షుగర్‌ను పెంచుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. అతనికి పొద్దున్నే నడవమని సలహా ఇస్తే, ఆ పొద్దున ఏదో ముందు తేల్చాలి.

జీతం బాగా ఉన్నా టైం చేతిలో లేకపోతే ఏమవుతుందో ఐటీ ఉద్యోగులు చూపిస్తున్నారు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 2025లో వెల్లడించిన ఫలితాల్లో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. వీళ్లు పోషకాహారం కొనలేనివాళ్లు కాదు. గంటల తరబడి కుర్చీ, వేళ తప్పిన షిఫ్టులు, అర్ధరాత్రి ఆర్డర్ చేసుకున్న తిండి వాళ్ల పరిస్థితి. పరిస్థితి అంటే పేదరికం ఒక్కటే అనుకుంటే ఈ గుంపు లెక్కకు అందదు.

ఆడవాళ్ల విషయంలో టైం లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. పొద్దున్నే వాకింగ్‌కి భర్త వెళ్లొచ్చేసరికి టిఫిన్, పిల్లల బాక్సులు సిద్ధం కావాలంటే భార్య నడక సమయం ఆ వంటింట్లో కరిగిపోతుంది. ఒకే ఇల్లు, ఒకే ఆదాయం అయినా ఎంపిక ఇద్దరికీ ఒకేలా లేదు.

పుట్టకముందే మొదలైన కథ

వ్యక్తి ఎంపిక అనే వాదనకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో అచ్చయింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే సూచీ) 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కానీ యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన దగ్గర బక్కగా ఉండి కూడా షుగర్ తెచ్చుకునేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారో ఆ రెండు అంకెలు కొంత చెబుతాయి. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల్లో బరువు తక్కువైనా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువగా ఉండటాన్ని ఆయన బృందం గుర్తించింది. తల్లికి తిండి చాలనప్పుడు కడుపులో బిడ్డ కండరాన్ని, అవయవాలను తగ్గించుకుని బతకడానికి సిద్ధపడుతుంది. ఆ ఒంటికి పెద్దయ్యాక పుష్కలంగా అన్నం దొరికితే తట్టుకునే సామర్థ్యం తక్కువగా ఉంటుందన్నది ఈ వాదన సారం.

దీనికి జవాబు లాంటి ప్రయోగం హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే జరిగింది. 1987 నుంచి 1990 దాకా 29 గ్రామాలను జాతీయ పోషకాహార సంస్థ పరిశీలించింది. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. మొక్కజొన్న, సోయా పిండిని సోయా నూనెతో వండిన ఉప్మా అది. తల్లులకు రోజుకు సుమారు 500 క్యాలరీలు, పిల్లలకు సుమారు 300. పథకం ఇంకా చేరని మిగతా 14 గ్రామాలు పోలికకు మిగిలాయి.

ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని రక్తం తీసి పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగారు. ఇన్సులిన్‌ను ఒళ్లు లెక్కచేయకపోవడాన్ని కొలిచే సూచీ వాళ్లలో సుమారు 20 శాతం తక్కువ. రక్తనాళాలు బిగుసుకుపోవడం కూడా తక్కువే. ఒంటి కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇది లాటరీ తీసి గ్రామాలను విడదీసిన ప్రయోగం కాదు. పథకం దశలవారీగా విస్తరించడం వల్ల దొరికిన పోలిక. కాబట్టి ఫలితాన్ని ఆ మేరకు జాగ్రత్తగానే చదవాలి. అయినా ఇందులోని విషయం బరువైనది. ఆ పిల్లలు ఏ ఎంపికా చేయలేదు. వాళ్లు పుట్టిన ఊరికి అంగన్‌వాడీ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి, పదమూడేళ్ల తర్వాత వాళ్ల రక్తనాళాల్లో తేడా కనబడింది.

పరిస్థితి మారిస్తే ఎంపిక మారుతుందా?

అమెరికాలో 1994 నుంచి 1998 మధ్య ఐదు నగరాల్లోని 4,498 పేద కుటుంబాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి పేదరికం తక్కువున్న పేటలకు మారేందుకు ఇంటద్దె సాయం ఇచ్చారు. పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ అవకాశం వచ్చిన ఆడవాళ్లలో తీవ్రమైన ఊబకాయం, మధుమేహం దాదాపు 4 శాతం పాయింట్ల చొప్పున తక్కువగా ఉన్నాయి. వాళ్లకు డైట్ గురించి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఫిన్లండ్‌లోని ఉత్తర కరేలియాలో పాఠం, పరిస్థితి రెండూ కలిశాయి. గుండె జబ్బుతో నడివయసు మగవాళ్లు రాలిపోతున్న ఆ ప్రాంతంలో 1972లో పెక్కా పుస్కా నాయకత్వంలో పని మొదలైంది. ఇంటింటికీ చెప్పడంతో ఆగకుండా డెయిరీలతో, మాంసం ఉత్పత్తులు చేసేవాళ్లతో మాట్లాడి కొవ్వు, ఉప్పు తగ్గించారు. వెన్న అమ్ముడుపోకపోతే నష్టపోయే పాడి రైతులు బెర్రీ పండ్ల సాగుకు మళ్లడానికి సాయం చేశారు. నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగవాళ్లలో గుండె జబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రైతుకు వేరే దారి చూపించి మరీ తిండి మార్చమనడం ఈ కథలో అన్నిటికంటే గమనించదగ్గ విషయం.

మన దేశంలో ట్రాన్స్‌ఫ్యాట్ మీద పెట్టిన పరిమితి ఇదే కోవలోది. డాల్డా లాంటి వనస్పతిలో, బేకరీ సరుకుల్లో ఉండే ఈ కొవ్వు గుండెకు హాని చేస్తుంది. ఎగ్ పఫ్ కొనుక్కునే మనిషి దాన్ని కంటితో చూడలేడు, కాబట్టి ఎంచుకోవడమన్న మాటే లేదు. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన తెచ్చింది. అమలు ఎంత గట్టిగా ఉంటే ఫలితం అంత.

తెలుగు రాష్ట్రాల్లో ముందున్నది

2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్న బియ్యం ఇస్తోంది. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకునే ఇళ్లలో ఇప్పుడు అవే వండుకుంటున్నారు. గౌరవం దృష్ట్యా ఇది మంచి మార్పు. ఆరోగ్యం దృష్ట్యా చూస్తే గింజ సన్నబడింది కానీ అదే పాలిష్ పట్టిన తెల్ల బియ్యం. పక్కన పప్పు చేరనంతవరకు కంచం లెక్క మారదు. తమిళనాడు చాలా ఏళ్లుగా రేషన్‌లో తక్కువ ధరకు కందిపప్పు ఇస్తోంది. కర్ణాటక ప్రాంతాన్ని బట్టి రాగులు, జొన్నలు కలుపుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమ్మహస్తం పేరుతో కందిపప్పు, పామాయిల్, పసుపుతో సహా 9 సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. చేయలేని పని కాదని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

ఆసుపత్రి వైపు చూస్తే 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మూత్రపిండాలు పాడైనవాళ్లకు డయాలసిస్ దాకా ఆదుకుంటోంది. ఆ మనిషి డయాలసిస్ దాకా రావడానికి పదేళ్ల ముందు, షుగర్ అంచున ఉన్నప్పుడు, చెన్నై పరిశోధనలోలా నెలకోసారి ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు ఖరీదు దాంతో పోలిస్తే చాలా తక్కువ. ముప్పై దాటినవాళ్లకు ప్రభుత్వం చేస్తున్న బీపీ, షుగర్ పరీక్షల తర్వాత ఆ పలకరింపు కొనసాగుతుందా అన్నదాన్ని బట్టి ఆ పరీక్షల ప్రయోజనం ఉంటుంది.

తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు రోజూ అన్నం, పప్పు, కూరతో ఒక పూట భోజనం, దాంతోపాటు గుడ్డు, పాలు పెడుతున్నారు. ఆ భోజనం తిన్న తల్లులకు ఆ మొదటి ఏడాదే పుట్టిన పిల్లలకు 2028లో పదమూడేళ్లు నిండుతాయి. ఉప్మా తిన్న ఊళ్లలో పిల్లల రక్తం తీసి చూసింది ఆ వయసు నుంచే.